గంటా నలభై నిమిషాల దారి

నా భార్య ఖాజాబీని చంపినవాడు టపా ఓవర్సీయర్ ఆనందరావు. ఇందులో వాదించడానికి ఏమీ లేదు. అతడు ఆమెను ఎన్నడూ చూడలేదు. ఆమె చనిపోయిన రోజు అతడు ప్రొద్దుటూరులో ఉన్నాడు. అయినా చంపినవాడు అతడే.

నా పేరు నబీ రసూల్. తొండూరు టపా రన్నరుగా పనిచేశాను. మేము దూదేకులవాళ్ళం. మా నాన్న పరుపులు కుట్టాడు, నాకు ఆ చేతిపని అబ్బలేదు. ఐదో తరగతి దాకా సుందరం అయ్యవారి దగ్గర చదివాను. ఊరి బడి ఆయనదే, ఆయన ఇంటి పంచలోనే టపా ఆఫీసు. నాకు చదవడం వచ్చు, ఉరకడం అంతకంటే బాగా వచ్చు. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన ఏడు నాకు సంచి ఇచ్చారు. మా దగ్గర రన్నరు ఉద్యోగం రావడాన్ని సంచి రావడం అనేవాళ్ళు, పోవడాన్ని సంచి పోవడం అనేవాళ్ళు.

పులివెందుల నుంచి తొండూరు దాకా ఒక అంచె. అది ఖాజాబీ అన్న జిలానీది. అక్కడ ఆయన భుజం మీది సంచి నా భుజం మీదికి మారేది. తొండూరు నుంచి పెద్దగుట్టపల్లెకు కొండను చుట్టి పోయే బండిదారి తొమ్మిది మైళ్ళు. అది నా అంచె. సంచి మూతికి లక్క ముద్ర ఉంటుంది. చేతిలో గజ్జెలు కట్టిన బల్లెం ఉంటుంది. ఆ చప్పుడు విని బండ్లవాళ్ళు దారి ఇచ్చేవాళ్ళు. బయలుదేరిన వేళ సుందరం అయ్యవారు చీటీ మీద రాసేవారు, చేరిన వేళ పెద్దగుట్టపల్లెలో టపా చూసే షావుకారు రాసేవాడు. నడుమ మూడు గంటలు దాటరాదు. దాటితే ఒక గుర్తు పడుతుంది. మూడు గుర్తులు పడితే సంచి పోతుంది.

మూడు గంటలంటే మంచి కాలం. ఉరికితే గంట మిగిలేది. నడిచినా సరిపోయేది.

నడిచినా సరిపోయేది గనుకనే మా వాళ్ళలో ఒక అలవాటు ఉండేది. రన్నరు మంచాన పడితే ఇంట్లోవాళ్ళు సంచి ఎత్తుకునేవాళ్ళు. రూలు ప్రకారం కబురు పంపాలి, పైనుంచి బదులు మనిషి రావాలి. బదులు మనిషి వచ్చేసరికి రెండు రోజులు. అన్నాళ్ళు సంచి నేలమీద పడి ఉండటం మాకు నామోషీ. జిలానీ భార్య గులాబ్‌బీ ఎన్నోసార్లు మోసింది. ఖాజాబీ రెండుసార్లు మోసింది. ముసుగు బిగించి, బల్లెం పట్టుకొని, బండిదారిన గబగబా నడిచి పది నిమిషాలు ముందే చేరేది. పెద్దగుట్టపల్లె ఆడవాళ్ళు, "రన్నరమ్మా, మా మొగోళ్ళ కాడ్నుంచి ఏమన్నా తెచ్చినావా?" అని ఎగతాళి చేసేవాళ్ళు. "మీ మొగోళ్ళకు రాయను వస్తే గదా," అని ఆమె తిరిగి అనేది. సుందరం అయ్యవారు చీటీ మీద నా పేరే రాసేవారు. ఎవరికీ నష్టం లేదు.

యాభై అయిదులో ఆనందరావు వచ్చాడు. కోస్తా మనిషి, నున్నగా గీసుకున్న గడ్డం, కొత్త సైకిలు, మణికట్టుకు గడియారం. అంచెల కాలం మళ్ళీ కొలిచి రాయమని అతనికి ఉత్తరువు. ముందు జిలానీ అంచె కొలిచాడు. ఆ రోజే తొండూరులో సంచి మార్చేటప్పుడు జిలానీ నాకు చెప్పాడు.

"రసూలూ, ఆయప్ప రేపు నీ ఎంబడి వస్తాడంట. చేతికి గడియారం కట్టుకోనుండాడు. నెలలు నిండిన ఆడమనిషి మాదిరి నడువు. ఎనకనుంచి తోసినా ఉరకొద్దు."

"నువ్వెట్ల పోతివి బావా?"

"నేనా? మోకాలు పట్టుకోని మూడు తూర్లు కూచుంటి. మందు ఏమన్నా తెచ్చినారా సామీ అని ఆయప్పనే అడిగితి."

ఇద్దరం నవ్వుకున్నాం. అట్లాగే చేద్దామనుకున్నాను.

మరునాడు మార్గశిర మాసపు చలి. రాత్రి బాగా నిద్ర పట్టింది. కాళ్ళు తేలిగ్గా ఉన్నాయి. సుందరం అయ్యవారి పంచలో పదిమంది చేరారు, సైకిలు చూడటానికి. ఆనందరావు సైకిలు ఎక్కి, ఒక కాలు అరుగు మీద పెట్టి నన్ను కిందినుంచి పైదాకా చూశాడు.

"ఏమయ్యా రసూలు, మీ కడపవాళ్ళు మాట్లాడితే పోట్లాడినట్టే ఉంటుంది. కాళ్ళలో కూడా అంత ఊపు ఉందా, లేకపోతే అంతా నోట్లోనేనా?"

పంచలోవాళ్ళు నవ్వారు. నా వాళ్ళు నవ్వారు. అతడొక్కడే నవ్వితే నాకు ఏమీ అనిపించేది కాదు.

"నీ సైకిలును రొంత గట్టిగా తొక్కు సామీ," అని నేను ఉరికాను.

ఆ దారి రాళ్ళదారి. సైకిలు చక్రం ఎక్కడ ఎగురుతుందో, ఎక్కడ దిగి నెట్టాలో నాకు తెలుసు. మూడో మైలు దగ్గర అతని గంట మోత నా వెనక పడింది. ఆరో మైలు తర్వాత వినబడలేదు. పెద్దగుట్టపల్లె మొదట్లో పిల్లా పెద్దా ఈలలు వేశారు. నేను షావుకారు అంగడి ముందు నిలబడి బల్లెం నేలకు గుచ్చి అతని కోసం కాచుకున్నాను. అతడు చెమటతో వచ్చి గడియారం చూసుకున్నాడు. గంటా ముప్పై ఎనిమిది నిమిషాలు.

"భేష్!" అన్నాడు. నా భుజం తట్టాడు. "ఇంత మనిషివి ఈ కొండల్లో ఉన్నావని పైవాళ్ళకు రాస్తాను."

రాశాడు. తొమ్మిది మైళ్ళకు గంటా నలభై నిమిషాలు అని రాశాడు. రన్నరుకు వెసులుబాటుగా రెండు నిమిషాలు కలిపానని సుందరం అయ్యవారితో చెప్పి పోయాడు. అందులో వెటకారం లేదు. నిజంగానే మేలు చేశాననుకున్నాడు.

ఆ పూట ఇంటికి వచ్చేసరికి ఖాజాబీకి కథ ముందే చేరింది. నా అరికాళ్ళకు ఆముదం రాస్తూ అడిగింది.

"గెలిస్తివంట."

"గెలిచినా."

"సైకిలుకు ప్రాణం లేదు, నీకు బుర్ర లేదు. ఇద్దరూ సరిపోయినారు."

"ఊరంతా చూసిందిలే."

"ఊరు చూసి ఇంటికి పాయ. దినామూ ఉరికేది ఎవురు? రేపు నీకు జరమొస్తే నేను గూడా సైకిలు మాదిరి పోవాల్నా?"

ఆముదం చాలన్నాను.

గంటా నలభై నా అంచెతో ఆగలేదు. మైలుకు ఇన్ని నిమిషాలు అని లెక్క తీసి పులివెందుల అంచెకూ అదే పెట్టారు. జిలానీకి అప్పటికి నలభై ఆరు. మోకాలి నొప్పి నటన కాదు, సగం నిజమే. నాలుగు నెలల్లో మూడు గుర్తులు పడ్డాయి. సంచి పోయింది. జమ్మలమడుగు వైపు నాపరాళ్ళ గనిలో రాళ్ళు మోయడానికి పోయాడు. పోయేముందు మా ఇంటికి వచ్చి జొన్నరొట్టె తిన్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. ఖాజాబీ ఆ రోజంతా నాతో మాట్లాడలేదు.

పందెం రోజు ఉదయపు చలిలో, నిండా నిద్రపోయిన కాళ్ళతో, నా వాళ్ళు నవ్వారన్న రోషంతో ఉరికిన ఉరుకు అది. దాన్ని ఎండాకాలం ఉరకాలి. రంజాన్ ఒక్కపొద్దుల్లో ఉరకాలి. చైత్రంలో అరికాలికి తుమ్మముల్లు దిగి మొదటి గుర్తు పడింది. వైశాఖంలో ఏడో మైలు దగ్గర కళ్ళు తిరిగి పడ్డాను. ఎవరో గొర్రెలకాపరి నీళ్ళు చల్లి లేపాడు. అది రెండో గుర్తు. ఇక ఒకటి మిగిలింది. అది పడితే నేనూ జిలానీ పక్కన రాళ్ళు మోయాలి. దూది ఏకడం నాకు రాదు, భూమి లేదు. ఆ సంచి లేకపోతే మా ఇంట్లో ఇద్దరికీ తిండి లేదు. ఖాజాబీకి అది నాకంటే బాగా తెలుసు.

యాభై ఆరు ఆశ్వయుజంలో చలిజ్వరం పట్టింది. మొదటిరోజు జ్వరంతోనే ఉరికాను. మూడు నిమిషాలు మిగిల్చి చేరాను. రెండోరోజు లేవబోతే గోడ పట్టుకున్న చెయ్యి జారింది. కింద పడ్డాను. ఖాజాబీ నన్ను మంచం మీదికి లాగింది. మూలనున్న బల్లెం తీసుకుంది.

పెద్దగుట్టపల్లెకు ఇంకొక దారి ఉంది. కొండను చుట్టకుండా నడుమ కనుమ మీదుగా పోతుంది. అయిదు మైళ్ళు. గొర్రెలవాళ్ళు తప్ప ఎవరూ పోరు. సగం దారిలో రెండు బండల మధ్య వంక ఒకటి దాటాలి. ఏడాదిలో పదకొండు నెలలు అందులో ఇసుకే. సంచి బండిదారిన్నే పోవాలని రూలు గనుక నేను ఎప్పుడూ కనుమలో పోలేదు. ఆడమనిషి ఎంత గబగబా నడిచినా బండిదారిన గంటా నలభైకి చేరలేదు. కనుమలో అయితే చేరుతుంది.

"కనుమలో పో," అన్నాను.

ఆమె వాకిట్లోకి పోయి కొండకేసి చూసి వచ్చింది. "కొండ మింద మబ్బు కమ్ముకోనుండాది. శానా నల్లగుండాది."

"వంక ఎండి ఆర్నెల్లాయ. వాన పడితే మనూర్లో పడతాది."

"బండిదారిన పోతా. యాలైతే కాళ్ళు పట్టుకుంటా ఆ షావుకారివి."

"ఆయన గడియారం చూసి రాస్తాడు, నీ మొగం చూసి కాదు. ఇంగొక గుర్తు పడితే ఏం తింటాం? కనుమలో పో అంటాండా గదా."

ఆమె ముసుగు బిగించుకుంది. నా తలదగ్గర నీళ్ళ చెంబు పెట్టింది.

"నువ్వు సైకిలుతో పందెమేసినందుకు నేను వానతో పందెమేయాల. పోతాండా. చెంబు పడేసుకోవద్దు."

గజ్జెల చప్పుడు సుందరం అయ్యవారి ఇంటివైపు పోయింది. కొంతసేపటికి కొండవైపు పోయింది. తర్వాత ఉరుము వినబడింది. దూరపు ఉరుము, కొండ అవతలిది. నేను లేవలేదు. లేచే శక్తి లేదు. కేక వేస్తే పక్కింటివాళ్ళు వినేవాళ్ళు. వాళ్ళ మనిషి ఒకడు వెనకే పరుగెత్తి ఆమెను ఆపేవాడు. నేను కేక వేయలేదు. వంక ఎండే ఉందనుకున్నాను. ఇంకొకటి కూడా అనుకున్నాను. ఆపితే ఆలస్యమవుతుంది అనుకున్నాను.

మా ఊళ్ళో చినుకు పడలేదు. కొండమీద పడిన వాన వంకలోకి ఒక్కసారిగా దిగింది. మరునాడు గొర్రెలవాళ్ళకు సంచి దొరికింది. అవతలి ఒడ్డున ఎత్తైన బండ మీద ఉంది. నీళ్ళు వచ్చేది చూసి ముందు సంచిని అవతలికి విసిరినట్టుంది. లక్క ముద్ర చెదరలేదు. అందులో పద్నాలుగు కార్డులు, రెండు కవర్లు ఉన్నాయి. పెద్దగుట్టపల్లెలో పంచారు. ఆమె మూడోరోజు దొరికింది, రెండు ఫర్లాంగుల కింద కంపచెట్లలో. జిలానీ గని నుంచి వచ్చి, తానే మోసుకొచ్చాడు. జ్వరంతోనే జనాజా వెంట నడిచాను. ఇద్దరు నన్ను పట్టుకున్నారు.

విచారణకు ఆనందరావు వచ్చిన రోజు కొత్త రాష్ట్రం పండుగ. సుందరం అయ్యవారి బడిలో పిల్లలకు బొరుగులూ బెల్లమూ పెడుతున్నారు. రంగుకాగితాల తోరణాలు కట్టారు. పంచలో బల్ల వేసుకొని ఆనందరావు కూర్చున్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. అతని కళ్ళు తడిగానే ఉన్నాయి. సుందరం అయ్యవారు కలం పట్టుకొని కాగితం చూస్తున్నారు. జిలానీ పంచ కింద నిలబడ్డాడు.

"కూర్చో రసూలూ," అన్నాడు ఆనందరావు. "నేను అడిగేది జాగ్రత్తగా విను. సంచి ఒకరోజు ఆలస్యంగా చేరింది. శాఖ సంచి బయటి మనిషి చేతికి పోయింది. నువ్వు పంపి ఉంటే నీ తప్పు, నీ గుర్తు. సంచి ఇక నీ దగ్గర ఉండదు. నువ్వు ఒళ్ళు తెలియకుండా పడి ఉంటే, ఆమె నీకు చెప్పకుండా తీసుకుపోయి ఉంటే, అది వేరే సంగతి. నీ మీద ఏమీ ఉండదు. ఇప్పుడు చెప్పు. ఎట్లా జరిగింది?"

నన్ను కాపాడాలనే అట్లా అడిగాడు. తెలుసు. చెప్పవలసిన మాట నా నోట్లో పెట్టి మరీ అడిగాడు.

బడిలో పిల్లలు పాట ఎత్తుకున్నారు.

"నాకు ఒళ్ళు తెల్దు," అన్నాను. "ఎప్పుడు ఎత్తుకోని పాయనో తెల్దు."

"నీకు చెప్పలేదు?"

"చెప్పలేదు."

కింద నుంచి జిలానీ అన్నాడు. "అది నీకు చెప్పకుండా నీళ్ళబిందె గూడా ఎత్తదే, రసూలూ."

ఆనందరావు అతనికేసి చూశాడు. "మీరు ఉండండి. ఆయన్ని చెప్పనివ్వండి."

"చెప్పినా గదా," అన్నాను. "నాకు తెల్దు."

సుందరం అయ్యవారు రాశారు. 'మృతురాలు భర్తకు తెలియకుండా, అనుమతి లేకుండా సర్కారు సంచిని తీసుకొనిపోయినది.' సంచి ఆయన చేతుల మీదుగానే ఖాజాబీకి పోయింది. ఆయన ఉద్యోగం కూడా ఆ వాక్యంలోనే ఉంది. చదివి వినిపించి కాగితం నావైపు తిప్పారు. నేను సంతకం పెట్టాను. ఆయన నేర్పిన సంతకమే. తల ఎత్తేసరికి జిలానీ లేడు.

మూడో గుర్తు పడలేదు. జ్వరం తగ్గాక మళ్ళీ సంచి ఎత్తుకున్నాను. ఇంకా నాలుగేళ్ళ ఆరు నెలలు ఉరికాను. ఒక్కరోజు ఆలస్యం కాలేదు. జ్వరం వచ్చినా ఉరికాను. ఇంట్లో సంచి ఎత్తేవాళ్ళు ఎవరూ లేరు. ఆనందరావు ఏటా వచ్చి నా చీటీలు చూసి తలాడించేవాడు. నేను అతనితో మాట్లాడలేదు. అడిగినదానికి తలతోనే జవాబు చెప్పాను. రెండేళ్ళకు అతనికి బదిలీ అయింది. పోయేరోజు నా చెయ్యి పట్టుకోబోయాడు. నేను ఇవ్వలేదు.

అరవై ఒకటిలో తొండూరు మీదుగా పెద్దగుట్టపల్లెకు బస్సు పడింది. టపా బస్సులో పోసాగింది. రన్నర్లు వద్దన్నారు. బల్లెం, సంచి సుందరం అయ్యవారికి అప్పగించి ఇంటికి వచ్చాను.

ఆ వారం జిలానీ వచ్చాడు. అయిదేళ్ళ తర్వాత మొదటిసారి. రాళ్ళు మోసి వీపు వంగిపోయింది. లోపలికి రమ్మన్నాను. రాలేదు. గడప బయట కూర్చున్నాడు.

"సంచి పాయ గదా," అన్నాడు. "ఇంగ నీకు భయమేంది?"

"ఏం భయం?"

"అయ్యవారితో మాట్లాడినా. ఆయన రాసిస్తానంటాండు. అయ్యవారికి గూడా ఇంగ ఉద్యోగం రెండు నెలలే ఉండాదంట. నువ్వు వచ్చి, నేనే పంపితి అని ఒక్క మాట చెప్తే చాలు. ఆ కాగితం పక్కన ఈ కాగితం పెడతారంట. మా చెల్లెలు దొంగతనంగా ఎత్తుకోని పాయ అని సర్కారు కాగితంలో ఉండాది, రసూలూ. నా మనవరాలు బడికి పోతాంది. ఆ కాగితం ఎప్పుడో ఒకనాడు ఎవురో ఒకరు చదువుతారు."

"ఎవురూ చదవరు."

"నేను చదివినా. అక్షరం రాని నేను, ఇంగొకరితో చదివించుకుంటి."

నేను ద్వారబంధం పట్టుకొని నిలబడ్డాను. అతడు తల ఎత్తి నన్ను చూశాడు.

"నువ్వు పంపితివా లేదా? నాకైనా చెప్పు."

"పంపినా," అన్నాను. "బండిదారిన పోతా అంటే కనుమలో పొమ్మంటి. మబ్బుండాది అంటే వినకపోతి. ఉరుము వింటి, కేకెయ్యకపోతి."

అతడు చేతులు నేలకు ఆనించి మెల్లగా లేచాడు.

"సరే. ఇదే మాట అయ్యవారి పంచలో చెప్పు. రా. ఇప్పుడే పోదాం."

"రాను."

"నీకు పొయ్యేదేముండాది?"

ఏమీ లేదు. ఉద్యోగం లేదు, పెళ్ళాం లేదు, అడిగే కొడుకు లేడు. అది అతనికీ తెలుసు, నాకూ తెలుసు. అయినా పదిమంది ముందు ఆ పంచలో నిలబడి ఆ మాట అనడం నావల్ల కాదు. కాగితం మారితే చంపినవాడి పేరు కూడా మారుతుంది. నేను మారనివ్వను.

"రాను బావా. దాన్ని చంపింది ఆనందరావు."

"రసూలూ..."

"ఆనందరావే. నీ మాట అయిపోతే పో."

అతడు పోయాడు. మా గడపకు మళ్ళీ రాలేదు. గులాబ్‌బీ ఒకసారి వచ్చి వాకిట్లో ఏడ్చి పోయింది. సుందరం అయ్యవారు ఉద్యోగం వదిలే ముందురోజు కబురు పంపారు. నేను పోలేదు. ఇప్పుడు ఎవరొచ్చినా ఇంతే. జిలానీకి చెప్పింది ఒకసారి, ఇక్కడ చెప్పింది ఒకసారి. ఖాజాబీ మాట, కనుమ మాట, ఆ కాగితం మాట ఇక నా నోటినుంచి రావు. అడగడానికి రావద్దు. వస్తే తలుపు తీయను.